నాణ్యత బడ్జెట్‌లో కోత ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. యంత్రభాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా సంస్థలో ఉత్పత్తి విభాగాన్ని చూస్తున్నాను. తిరస్కరణలు తగ్గాలని తనిఖీ సిబ్బందిని పెంచాం, కొత్త కొలత పరికరాలు కొన్నాం. ఫిర్యాదులు కొంత తగ్గినా ఖర్చు పెరుగుతూనే ఉంది. ఈ ఏడాది నాణ్యత బడ్జెట్ తగ్గించమని యాజమాన్యం అంటోంది. ఎక్కడ తగ్గిస్తే నష్టం రాదో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1:
ముందు ఆ ఖర్చును విడదీసి చూడండి. నివారణ, తనిఖీ, వైఫల్యం అనే మూడు పద్దులను 1956లోనే అమెరికన్ నాణ్యత నిపుణుడు ఫైగెన్‌బామ్ ప్రతిపాదించారు; వైఫల్యాన్ని సరుకు గేటు దాటకముందు, దాటిన తరువాత అని రెండుగా రాయడం ఇప్పటి పద్ధతి. మీరు చెప్పినదాన్నిబట్టి డబ్బంతా తనిఖీకే వెళ్లింది. తనిఖీ లోపాన్ని పట్టుకుంటుందే గాని పుట్టకుండా ఆపలేదు. టూల్ అరిగి రంధ్రం కొలత తప్పిందనుకోండి: యంత్రం దగ్గరే తెలిస్తే పోయేది ఆ ఒక్క ముక్క, అసెంబ్లీ తరువాత తెలిస్తే విప్పి మళ్లీ బిగించాలి, కొనుగోలుదారు దగ్గర తెలిస్తే రవాణా, బదులు సరుకు, ఆ లాట్ మొత్తాన్ని మళ్లీ పరిశీలించడం, చివరికి తరువాతి ఆర్డరు కూడా లెక్కలోకి వస్తాయి. టూల్ ఎన్ని ముక్కలకు మార్చాలో నిర్ణయించి పాటించడానికి అయ్యే ఖర్చు వీటి ముందు చాలా స్వల్పం.

జవాబు 2:
పై సభ్యుని మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే కాస్టింగ్ విభాగంలో పనిచేసేవాడిగా ఒకటి చేర్చాలి. రీవర్క్‌కు (లోపమున్న ముక్కను మళ్లీ సరిచేయడానికి) పట్టిన సమయం చాలాచోట్ల మామూలు కూలీ ఖర్చులోనే కలిసిపోతుంది, దాని కోసం చేసిన ఓవర్‌టైమ్ కూడా అంతే. జాబ్ కార్డులో (ప్రతి పనికి పట్టిన సమయం రాసే చీటీలో) రీవర్క్‌కు ప్రత్యేక కోడ్ పెట్టించండి. ఇది లేకుండా యాజమాన్యానికి ఏ పట్టిక చూపినా, కంటికి కనిపించే తనిఖీ జీతాల మీదే కోత పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మా దగ్గర అలాంటి కోడ్ లేదు. అది వచ్చేలోగా తనిఖీని కొంతైనా తగ్గించవచ్చా?

జవాబు 3:
అన్నిచోట్లా ఒకేసారి తగ్గించవద్దు. కంట్రోల్ చార్టులో (కొలతలు కాలక్రమంలో ఎలా మారుతున్నాయో హద్దులతో చూపే పటంలో) స్థిరంగా ఉండి, సీపీకే (కొలతలు అనుమతించిన హద్దుల్లో ఎంత బాగా ఇముడుతున్నాయో చెప్పే సూచిక) విలువ 1.33కు తగ్గని ఆపరేషన్లలో, కొనుగోలుదారు ఒప్పుకుంటే, నూరు శాతం తనిఖీ నుంచి శాంపిల్ తనిఖీకి మారవచ్చు. భద్రతకు సంబంధించిన కొలతలను మాత్రం ముట్టుకోవద్దు. అలా ఖాళీ అయిన సిబ్బందిని ఎక్కువ నష్టం తెస్తున్న రెండు మూడు లోపాల మూలకారణాలు వెతికే పనిలో పెట్టండి. నివారణకు ఖర్చు నేడు పడుతుంది, స్క్రాప్ తగ్గడం కొన్ని నెలల తరువాత గాని కనిపించదు. కాబట్టి నాణ్యత విభాగం బడ్జెట్‌ను విడిగా కాక, అన్ని పద్దుల మొత్తాన్ని అమ్మకాలలో శాతంగా నెలనెలా చూపుతామని యాజమాన్యంతో ముందే ఒప్పందానికి రండి.