సమస్యాపూరణం: "చావకుండఁ బాత జన్మ పోయె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం మెటమార్ఫసిస్. గ్రీకులో 'మార్ఫె' అంటే రూపం. మన జీవశాస్త్ర పుస్తకాల్లో ఇది రూపవిక్రియ, భూగోళానికి వస్తే రూపాంతరం. ఏ అర్థంలో పూరించినా సరే, రూపమే మారాలి.

పూరణ 1 (మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు)

ఆకు మేసి మేసి యలసి గూ డల్లెడి
పురుగు పట్టు నూలు పోగు విడిచె
చీర యయ్యె నదియె సిరులు గుల్కెడు మేన
చావకుండఁ బాత జన్మ పోయె

ఒక సభ్యుడు: ధార బాగుందమ్మా. రెండో పాదంలో పు-పో యతి చక్కగా కుదిరింది. కానీ ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. చీర అయ్యే గూటిలోని పురుగు బతికి ఉంటుందా? పురుగు రెక్కల చిలుకగా మారి గూడు చీల్చుకుని వస్తే పోగు తెగిపోతుందని ముందే వేడికి పెడతారు కదా. మరి 'చావకుండ' ఎక్కడ నిలుస్తుంది?

పూరణ 1 రాసినవారు: నిజమే అన్నయ్యా. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, పద్యం రాసేటప్పుడు మాత్రం తట్టలేదు. నాలుగు జ్వరాలు, అంటే నాలుగుసార్లు కుబుసం విడవడం, దాటిన పురుగును చంద్రికలో, అంటే గూడు కట్టుకునే తట్టలో, వేస్తే రెండు మూడు రోజుల్లో గూడు కట్టేస్తుంది. మంచి గూటిలో పోగు ఒకటే, దాదాపు కిలోమీటరు పొడవు. ఆ పోగు కోసమే లోపలి ప్రాణం తీస్తాం. మళ్లీ రాస్తాను.

పూరణ 2

నీట మొప్పలూపి నేలపై నడుగిడె
తోక కరిగి కాళ్లు తోడువచ్చె
కప్ప బిడ్డ చేప కాదంట చూడరే
చావకుండఁ బాత జన్మ పోయె

నిర్వాహకుడు: మూడో పాదం ఎంతో హాయిగా ఉంది. అయితే వరుస తారుమారైంది. మొదట వెనక కాళ్లు, తర్వాత ముందరి కాళ్లు వస్తాయి. తోక పోయేది చివర్లో. రెండో పాదాన్ని "కాళ్లు మొలచి తోక కరగజొచ్చె" అని మార్చండి. కా-క యతి సరిపోతుంది. మొండితోకతోనే గట్టెక్కే పిల్లకప్ప కళ్లముందు కనబడుతుంది. 'కరగ' మాత్రం వదలకండి. ఆ తోక ఊడిపడదు, ఒంట్లోనే కలిసిపోతుంది. ఇదంతా నడిపేది థైరాయిడ్ హార్మోను. 1912లో గుడర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథి తినిపిస్తే అవి వేళకు ముందే కప్పలయ్యాయి.

పూరణ 3

భూమి లోతులోన పొదిగిన సున్నపు
రాయి కరగకుండ రంగు తేఱె
పాలరాయి యయ్యె బరువు వేడిమి సోకి
చావకుండఁ బాత జన్మ పోయె

ఒక సభ్యురాలు: రాయికి జన్మేమిటి, చావేమిటి?

పూరణ 3 రాసినవారు: కరిగితే దానికి చావేనండీ. కరిగి చల్లారితే అది అగ్నిశిల అవుతుంది, రూపాంతర శిల కాదు. ఒత్తిడి, వేడి ఎంత పడినా రాయి గట్టిగానే ఉండి లోపలి స్ఫటికాలు మారాలి. విశాఖ చుట్టుపక్కల కొండల్లోని ఖొండలైటు అనే రాయీ అంతే, ఒకప్పటి బురద.

నిర్వాహకుడు: 'కరగకుండ' అన్న ఒక్క మాటతో 'చావకుండ'కు అర్థం కుదిర్చారు. నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇదే.

"పుట్టలోన బోయ మునిగ మారె" అని మరొకరు వాల్మీకి మీద రాశారు. యతి తప్పిందని ఎవరో అన్నారు, తప్పలేదు. పు, ఫు, బు, భులకు ముతో యతి చెల్లుతుంది. నా అభ్యంతరం వేరు. అక్కడ మారింది బుద్ధి, దాన్ని పరివర్తన అనాలి. అన్నిటినీ ఒకే గాట కడితే రెండు మంచి మాటలూ పదును పోగొట్టుకుంటాయి.

పూరణ 1, సవరించినది

విత్తనంపుఁ గూడు విప్పుకొని వెడలి
తెల్లవారునపుడు తిరిగి పుట్టె
పాకు పురుగు నేఁడు పక్షమ్ము లాడించె
చావకుండఁ బాత జన్మ పోయె

గుడ్ల కోసం ఉంచే విత్తన గూళ్లు ఇవి. చిలుకలు వేకువనే బయటికి వస్తాయి. 'ఎగిరె' అని రాయలేదు, పట్టుచిలుక ఎగరలేదు. ఏమీ తినదు కూడా. రెక్కలు ఆడిస్తూ జత కోసం తిరుగుతుంది, గుడ్లు పెడుతుంది, కొద్ది రోజులకే పోతుంది. ఆ రెక్కల చప్పుడు వినబడ్డ రోజున మా అమ్మ గది తలుపు చప్పుడు కానివ్వదు.