ఆయిల్ బాయిలర్ ఉన్న ఇంటికి పెల్లెట్ స్టవ్ అవసరమా?

నాషువా నివాసి:
న్యూహాంప్‌షైర్‌లో నాషువా దగ్గర పోయినేడు ఇల్లు కొన్నాం. స్ప్లిట్ లెవెల్ ఇల్లు, అంటే అంతస్తుల మధ్య కొద్దిపాటి మెట్లుండే రకం. బేస్‌మెంట్‌లో 275 గాలన్ల ఆయిల్ ట్యాంకు, ఆ ఆయిల్‌తో నీళ్ళు కాచే బాయిలర్, గోడల వెంట ఆ వేడినీళ్ళు పారి గదుల్ని వెచ్చబరిచే బేస్‌బోర్డులు ఉన్నాయి. గ్యాస్ లైను మా వీధికి రాలేదు. చలికాలంలో ఆయిల్ బిల్లు వచ్చినప్పుడల్లా ఇంట్లో టెన్షనే. కింద ఫ్యామిలీ రూమ్‌లో పెల్లెట్ స్టవ్ పెడితే ఆయిల్ ఖర్చు సగమవుతుందని ఒక డీలర్ అంటున్నాడు. బిగింపుతో కలిపి 5,500 డాలర్లు చెప్పాడు. డిసెంబర్‌లో విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు. అమ్మకి ఆయాసం ఉంది. పెట్టించమంటారా?

మెయిన్ చలి:
తప్పకుండా పెట్టించండి. రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన గుళికలే పెల్లెట్లు. మన ఊళ్ళలో పొట్టు పొయ్యి చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, అదే పొట్టుకి మోటార్లు తోడయ్యాయి. పైన తొట్టిలో బస్తా గుమ్మరిస్తే మర కొద్దికొద్దిగా గుళికల్ని మంటలోకి తోస్తుంది. ఒక ఫ్యాను మంటకి గాలి ఇచ్చి పొగని బయటికి పంపుతుంది, ఇంకోటి వేడిగాలిని గదిలోకి ఊదుతుంది. థర్మోస్టాట్ పెట్టుకుంటే దానంతటదే వెలిగి ఆరుతుంది. ఇటుక చిమ్నీ అక్కర్లేదు, మూడు నాలుగు అంగుళాల గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. మాది ప్రొపేన్ గ్యాస్‌తో వేడయ్యే ఇల్లు. స్టవ్ వచ్చాక బిల్లు బాగా దిగింది. పైగా బేస్‌బోర్డు వేడి వేరు, మంట ముందు కూర్చున్న వేడి వేరు. మీ అమ్మగారు ఆ గది వదలరు.

లెక్క చూడండి:
మెయిన్ గారూ, మీది ప్రొపేన్, వారిది ఆయిల్. అసలు తేడా అక్కడే ఉంది. టన్ను పెల్లెట్లంటే 40 పౌండ్ల బస్తాలు 50. అందులో సుమారు 1 కోటి 64 లక్షల బీటీయూల (వేడిని కొలిచే యూనిట్లు) వేడి ఉంటుంది. గాలన్ ఆయిల్‌లో సుమారు 1,38,500. అంటే టన్ను పెల్లెట్లు దాదాపు 120 గాలన్ల ఆయిల్‌కి సమానం. స్టవ్, బాయిలర్ రెండూ ఇంచుమించు ఒకే సామర్థ్యంతో పనిచేస్తాయనుకుని, మీ ఊళ్ళో టన్ను ధరని 120తో భాగించండి. వచ్చిన అంకె కంటే ఆయిల్ ధర బాగా ఎక్కువుంటేనే లాభం. ఉదాహరణకి టన్ను 400, ఆయిల్ 3.50 అనుకుందాం. టన్నుకి 20 డాలర్లు మిగులుతాయి. చలికాలానికి మూడు టన్నులు కాల్చినా 60 డాలర్లే. 5,500 ఎప్పటికి తిరిగి వస్తాయి?

అదే ప్రొపేన్ అయితే గాలన్‌కి 91,500 బీటీయూలే. టన్ను పెల్లెట్లు దాదాపు 180 గాలన్లకి సమానం. గాలన్ 3.50 చొప్పున 630 డాలర్లు. మెయిన్ గారికి లాభం కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఖర్చు సగమవుతుందన్న డీలర్ ఏ ధరలు వేసి లెక్క కట్టాడో కాగితం మీద రాసిమ్మనండి. ఇంకొకటి, 30 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఉందని పాత కరపత్రాలు చూపిస్తారు. 2025 డిసెంబర్ 31 తర్వాత బిగించినవాటికి అది లేదు.

మెయిన్ చలి:
ఈ ఏడాది ధరలతోనే తేల్చేస్తే ఎలాగండీ? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఇక్కడ మెయిన్ రాష్ట్రంలో ఆయిల్ గాలన్ 5 డాలర్లు దాటింది. ఆ ధరలో మీ లెక్కే వేస్తే టన్నుకి 200 మిగులుతాయి. ఇంట్లో రెండు రకాల ఇంధనం ఉంటే ఏది చవకైతే అది కాలుస్తాం. ఆ ధైర్యానికీ విలువుంది.

లెక్క చూడండి:
ఉంది, కాదనను. కానీ అదే ఏడాది యూరప్‌లో పెల్లెట్ల ధర కూడా రెట్టింపైంది. పెల్లెట్లు ఎప్పటికీ చవకగానే ఉంటాయనుకోకండి.

వర్మాంట్ అక్క:
డబ్బు సంగతి సరే, ఆ బస్తా ఎవరు మోస్తారు? గట్టి చలిలో రోజుకో బస్తా పడుతుంది. ఆఫీసుకెళ్ళే రోజు తొట్టి నింపి వెళ్ళకపోతే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. పెద్దవాళ్ళతో 18 కిలోల బస్తా ఎత్తిస్తామా? మంట గిన్నెలో గట్టిపడ్డ మసిని గీకాలి, బూడిద తియ్యాలి, ఏడాదికోసారి గొట్టం మొత్తం శుభ్రం చేయించాలి. బూడిద చల్లారినట్టే ఉంటుంది గానీ లోపల నిప్పు మిగులుతుంది, మూత ఉన్న ఇనప డబ్బాలోనే వేసి ఇంటికి దూరంగా పెట్టాలి. పెల్లెట్లకి తడి తగిలితే ఉబ్బి మళ్ళీ పొట్టయిపోతాయి, కాబట్టి మూడు టన్నులు పొడిగా దాచే చోటు కావాలి. కరెంటు పోతే మంటకి గాలి ఇచ్చే ఫ్యాను ఆగి, గిన్నెలో మిగిలిన గుళికల పొగ గదిలోకి రావచ్చు.

మెయిన్ చలి:
కరెంటు పోతే ఆయిల్ బాయిలరూ ఆగుతుంది కదక్కా! వెలిగించేటప్పుడు మూడు నాలుగు వందల వాట్లు తీసుకున్నా, తర్వాత నడవడానికి వంద చాలు. బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవచ్చు. గొట్టాన్ని నేరుగా గోడలోకి తోసెయ్యకుండా కొంత నిలువుగా పైకి లేపి బిగిస్తే, ఫ్యాను ఆగినా పొగ తనంతట పైకి లాగుతుంది. బూడిద సంగతంటారా, ప్రీమియం రకంలో ఒక శాతం లోపే. చవక బస్తాలు కొంటేనే గీకుడు ఎక్కువ.

ఊపిరి ముఖ్యం:
ఆయాసం అన్న మాట అందరూ దాటేశారు. 2020 మే నుంచి అమెరికాలో అమ్మే కొత్త పెల్లెట్ స్టవ్‌లు గంటకి 2 గ్రాములకి మించి పొగ కణాలు వదలకూడదని ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) నిబంధన. కట్టె పొయ్యితో పోలిస్తే పెల్లెట్ స్టవ్ చాలా నయం. కానీ ఆయిల్ బాయిలర్‌తో పోలిస్తే సన్నని కణాలు ఎక్కువే. బస్తా గుమ్మరించేటప్పుడు పొట్టు దుమ్ము, తలుపు తీస్తే బూడిద, ఇవన్నీ ఆవిడ కూర్చునే గదిలోనే. ముందు ఆవిడ డాక్టర్ని అడగండి.

నా ఓటు హీట్ పంపుకి, అంటే బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే కరెంటు యంత్రానికి. చలిలో సగటున ఒక యూనిట్ కరెంటుకి రెండున్నర యూనిట్ల వేడి ఇచ్చిందనుకుందాం. యూనిట్ 25 సెంట్లయితే, టన్ను పెల్లెట్లు 80 శాతం సామర్థ్యమున్న స్టవ్‌లో కాలి గదికి ఇచ్చే వేడికి సుమారు 385 డాలర్లు. అదీ పెల్లెట్లూ ఇంచుమించు సమానమే. కానీ మోత లేదు, బూడిద లేదు, వేసవిలో ఏసీ కూడా.

పైపులు చూసుకోండి:
న్యూ ఇంగ్లండ్‌లో హీటింగ్ పనే చేస్తాను. బేస్‌బోర్డులున్న ఇళ్ళలో తరచూ చూసే నష్టం ఒకటి చెప్పాలి. స్టవ్ ఉన్న గదిలోనో దాని పక్కనో బాయిలర్ థర్మోస్టాట్ ఉంటుంది. గది వేడెక్కగానే ఇల్లంతా వెచ్చగా ఉందని అది బాయిలర్‌ని పిలవడం మానేస్తుంది. గరాజ్ పక్క గోడలో, ఉత్తరం వైపు మూల గదిలో ఉన్న పైపుల్లో నీళ్ళు కదలవు. బయట సున్నా ఫారెన్‌హీట్ (మైనస్ 18 సెల్సియస్) ఉన్న రాత్రి అవి గడ్డకట్టి పగులుతాయి. స్టవ్ పెడితే థర్మోస్టాట్ చోటు మార్చండి, లేదా గట్టి చలి రాత్రుల్లో బాయిలర్ గంటకి కొన్ని నిమిషాలు తిరిగేలా టైమర్ పెట్టించండి.

ఇంకో మాట. స్టవ్ వేడి చేసేది ఒక గదిని, తలుపులు తెరిచి ఉంటే పై అంతస్తుని కొంత. తలుపు వేసుకున్న బెడ్‌రూమ్‌కి అందదు. స్ప్లిట్ లెవెల్‌లో కింద పెడితే వేడి మెట్ల మీదుగా పైకి పోతుంది, ఆ మేరకి మీ ఇల్లు అనుకూలమే. ఏది పెట్టినా ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పండి.

నాషువా నివాసి:
అందరికీ ధన్యవాదాలు. మా థర్మోస్టాట్ సరిగ్గా ఆ ఫ్యామిలీ రూమ్ గోడ మీదే ఉంది, ఈ ప్రమాదం డీలర్ చెప్పలేదు. టన్ను ధర కనుక్కున్నాను, మా పేటలో 390. ఆయిల్ 3.40. అమ్మ డాక్టర్ ఏమంటారో కూడా చూస్తాను. ఈ చలికాలానికి స్టవ్ కొనే ఆలోచన ఆపి, ముందు అటక ఇన్సులేషన్, గాలి దూరే సందులు చూపించుకుంటాను.

మెయిన్ చలి:
అటక పని మంచిదే. కానీ ఆయిల్ మళ్ళీ 5 దాటిన ఏడాది స్టవ్‌లు దొరకవు, బిగించేవాళ్ళూ దొరకరు. 2022లో ఇక్కడ చూశాం. కొనకపోయినా, గొట్టం ఏ గోడలోంచి పోవాలో కొలతలు తీయించి ఉంచుకోండి.