1036 రౌటర్‌కి తోడు ఇంకో 1036 తేవాలా, 2116కి మారిపోవాలా?

గోదావరి_నెట్:
తణుకు పక్కన మాది చిన్న ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ), 1800 కనెక్షన్లు. కస్టమర్ల లాగిన్లు (పీపీపీఓఈ), అడ్రస్‌ల మార్పిడి (నాట్), బయటి నెట్‌వర్క్‌లతో దారుల సమాచారం (బీజీపీ) అన్నీ ఒక్క మైక్రోటిక్ సీసీఆర్1036 రౌటర్ మీదే. సాయంత్రం ఏడు దాటితే సీపీయూ 85 శాతం. కొత్త సీసీఆర్2116 కొననా, సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో 1036 తెచ్చి లోడ్ పంచనా?

రాత్రిడ్యూటీ:
పాతదే తెచ్చుకోండి. 2116 మీద మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7 తప్ప 6 ఎక్కదు. బీజీపీ ఫిల్టర్లన్నీ మళ్లీ రాసుకోవాలి.

పోర్టు179:
ఏడో వెర్షన్ వచ్చింది 2021 డిసెంబరులో. ఇంకా కొత్తదేనా అన్నా? 1036లో 36 కోర్లున్నా, వెర్షన్ 6లో బీజీపీని లాగేది ఒక్క కోరే. ఫుల్ టేబుల్, అంటే ఇంటర్నెట్‌లోని దారులన్నీ (రూట్లు) తీసుకుంటే, ఐపీవీ4 అడ్రస్‌ల రూట్లే 9 లక్షల పైన. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ రూట్లు 5,12,000 దాటితే మెమరీ చాలక పడిపోయినవన్నీ ఏళ్ల తరబడి నమ్ముకున్న పెట్టెలే (రౌటర్లే).

రాత్రిడ్యూటీ:
ఆయన ఫుల్ టేబుల్ తీసుకుంటున్నారని నీకెవరు చెప్పారు?

గోదావరి_నెట్:
లేదండీ, ఒకటే అప్‌లింక్ (పై సంస్థకు వెళ్లే లైను). డిఫాల్ట్ రూటే, అన్నీ అటే పంపుతాం.

పోర్టు179:
అది ముందే చెప్పాలి కదండీ! అయినా నా మాట 2116కే.

కృష్ణా_ఫైబర్:
ప్రొఫైల్ టూల్‌లో సీపీయూని ఏది తింటోందో చూశారా?

గోదావరి_నెట్:
చూశాను. క్యూలు (కస్టమర్ల స్పీడ్ హద్దులు), ఫైర్‌వాల్.

రాత్రిడ్యూటీ:
చూశావా, బీజీపీ ఊసే లేదు. నా అనుభవం వినండి. మా ఓనర్ శుక్రవారం సాయంత్రం కొత్త పెట్టె పెట్టించారు, ఏ కంపెనీదో చెప్పను. రాత్రి పదకొండున్నరకి 600 సెషన్లు ఒక్కసారే పడ్డాయి. ఒళ్లో ల్యాప్‌టాప్, చెవిలో ఫోను, కన్సోల్ కేబుల్ చేత్తో నొక్కి పట్టుకుని ర్యాక్ ముందు నేల మీద తెల్లారేదాకా కూర్చున్నాను. వెనక్కి మారదామంటే పాతది మధ్యాహ్నమే అమ్మేశారు.

గోదావరి_నెట్:
మీకు ఒక రాత్రి నిద్ర పోయింది. నాకు రోజూ కస్టమర్లు పోతున్నారు! స్పీడ్ లేదని ఈ నెల 40 మంది కట్ చేయించుకున్నారు. ఆ నష్టం మీరు కడతారా?

రాత్రిడ్యూటీ:
మీ బాధ నిజమే. అయితే 2116 కొనండి, నేను అడ్డుపడను. కానీ 1036ని నడుస్తున్న కాన్ఫిగ్‌తో అదే ర్యాక్‌లో ఉంచండి. కేబుళ్లకు లేబుళ్లు అంటించండి.

గోదావరి_నెట్:
డీలర్ దాన్ని ఎక్స్ఛేంజ్‌లో అడుగుతున్నాడు. పాతిక వేలు తగ్గిస్తానన్నాడు.

రాత్రిడ్యూటీ:
నా గొడవంతా ఆ పాతిక వేల మీదే సార్. ఆ రాత్రి మీ టెక్నీషియన్ చేతిలో ఏముంటుంది?

గోదావరి_నెట్:
డీలర్‌కి ఫోన్ చేసి, పాతది ఇవ్వనంటే ధర ఎంతో అడుగుతాను.