కొలరాడోలో మ్యూల్ జింక వేట: మా అబ్బాయి సిద్ధపడవలసిన తీరు, మాంసం వండే పద్ధతి

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, అచ్చంపేట

అందరికీ నమస్కారం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున పుట్టి పెరిగినవాణ్ణి కనుక, దుప్పి కనబడితే దారి ఇవ్వడమే గాని దాని మీద చేయి వేయడం నేరమనే ఎరుకతోనే బతికాను. డెన్వర్‌లో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్న మా అబ్బాయికి ఈసారి కొలరాడో ప్రభుత్వం తీసే లాటరీలో మగ మ్యూల్ జింకను (పెద్ద చెవులుండే అమెరికా జింక) వేటాడే అనుమతి వచ్చింది. అక్టోబరు చివర తోటి ఉద్యోగులతో కలిసి కొండలెక్కుతానంటున్నాడు. విదేశీయుడు తుపాకి పట్టవచ్చా? ఏమేమి సిద్ధం చేసుకోవాలి? ఇక్కడ జైలుకు పంపే పనిని అక్కడ సంరక్షణ అని ఎలా అంటారు? మాంసం వచ్చాక తలకాయ కూర ఎలా వండాలని మా కోడలు ఇప్పటినుంచే అడుగుతోంది. మా ఇంట్లో ఎవరికీ అడవి మాంసం వండిన అనుభవం లేదు.

జవాబు: సూర్యాపేట వాసి, ప్రస్తుతం ఫోర్ట్ కాలిన్స్

సార్, మొదట చట్టం సంగతి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. అయితే అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. తుపాకి స్నేహితుడిదైనా ఇదే నియమం కనుక, గురి సాధనకు వెళ్లే రోజున కూడా లైసెన్సు వెంట ఉండాలి. 1949 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవారు వేట భద్రత శిక్షణ పూర్తి చేసి ఉండాలి. తుపాకి వేట కాలంలో నడుము పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, అదే రంగు టోపీ తప్పనిసరి.

మ్యూల్ జింక పలచని పొదలున్న బయలు కొండవాలుల్లో మేస్తుంది. అందుకే తెల్లవారుజామున ఒకచోట కూర్చొని దుర్భిణితో వాలులను ఓపికగా వెతకడమే అసలు పని, నడక ఆ తర్వాతిది. జింక పక్కకు తిరిగి నిలిచినప్పుడు భుజం వెనుక, ఊపిరితిత్తుల మీద గురి ఉండాలి. సాధనలో ఎంత దూరం నుంచి తప్పకుండా కొట్టగలడో అంతకు మించిన దూరం నుంచి కాల్చకూడదు; గాయపడి పారిపోయిన జంతువు నరకయాతన పడుతుంది. పడిన వెంటనే పొట్ట తీసి, తోలు వలిచి, మాంసాన్ని చల్లబరచాలి. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం అక్కడ నేరం.

ఇక మీ కోడలు గారి ప్రశ్నకు జవాబు చెబుతాను: తలకాయ కూర వద్దు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకలను చిక్కి శల్యం చేసి చంపే మెదడు జబ్బును 1967లో మా ఊరి పరిశోధన కేంద్రంలోని మ్యూల్ జింకల్లోనే తొలిసారి గుర్తించారు. ఇది మనుషులకు సోకినట్లు ఇంతవరకు రుజువు కాలేదు; అయినా జబ్బు ఉన్నట్లు తేలిన జంతువు మాంసం తినవద్దని అమెరికా ఆరోగ్య అధికారులు చెబుతారు. దీనికి కారణమైన ప్రయాన్ అనే ప్రొటీను కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వచ్చినా నశించదు. మెదడు, వెన్నుపాము, కళ్లు, తిల్లి, గడ్డల్లాంటి లింఫ్ గ్రంథులు, అంటే మనం తలకాయ కూరలోనూ భేజాలోనూ ఇష్టంగా తినే భాగాలే ఎక్కువ ప్రమాదకరమైనవి. తలను కొలరాడో వన్యప్రాణి శాఖ పరీక్షా కేంద్రంలో ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని ఫ్రీజర్‌లో విడిగా ఉంచమనండి. వెన్నెముకను రంపంతో కోయకుండా, ఎముక నుంచి మాంసాన్ని కత్తితో విడదీయాలి. జంతువు బక్కచిక్కి, తూలుతూ, చొంగ కారుస్తూ ఉంటే అసలు కాల్చకుండా అధికారులకు చెప్పాలి.

జవాబు: అటవీ విషయాల పాఠకుడు, మహబూబ్‌నగర్

మాస్టారు అడిగిన సంరక్షణ ప్రశ్న న్యాయమైనది. 1937లో అమెరికా చేసిన చట్టం ప్రకారం పొడవాటి తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు చేరుతుంది. వేటాడిన జింక మాంసాన్ని అమ్మడం నిషిద్ధం. మందల అంచనాను బట్టి ఏటా ఎన్ని అనుమతులు ఇవ్వాలో నిర్ణయిస్తారు. 2022-23 చలికాలపు మంచుకు వాయవ్య కొలరాడోలో జింకలు పెద్ద సంఖ్యలో చనిపోగా అక్కడ అనుమతులను బాగా తగ్గించారు. ఒక మగ జింక అనేక ఆడ జింకలతో జతకడుతుంది కనుక కొన్ని మగవాటిని తీసినా పిల్లల సంఖ్య అంతగా తగ్గదు. వాటికి అసలు దెబ్బ మేత భూములు, వలస దారులు తెగిపోవడమే. పొరుగు రాష్ట్రమైన వయోమింగ్‌లో ఒక మంద రెడ్ డెజర్ట్ అనే ఎడారి నుంచి హోబాక్ అనే లోయ దాకా దాదాపు 240 కిలోమీటర్లు నడుస్తుంది. దారి పొడుగునా కంచెలు, రోడ్లు అడ్డుపడతాయి.

దీన్ని చూపి మన దగ్గరా వేటకు అనుమతించాలనే వాదనను నేను ఒప్పుకోను. నారాయణపేట వైపు కృష్ణజింకలు పంట మేస్తే రైతు పడే బాధ నిజమే, అతనికి పరిహారం వెంటనే అందాలి. కానీ లెక్కింపు, అనుమతి, తనిఖీ, పన్ను అన్నీ కలిసిన ఆ ఏర్పాటులో వేట ఒక్కదాన్ని ఊడదీసి తెచ్చుకుంటే ముక్కలైపోయిన మన అడవుల్లో మిగిలేది వేటే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులుల అభయారణ్యపు కోర్ ప్రాంతంలో వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు; అది ఉండవలసిందే.

జవాబు: నల్గొండ గృహిణి, కూతురి దగ్గర కొలరాడోలో కొంతకాలం ఉన్నారు

అన్నగారూ, పరీక్షలో జబ్బు లేదని తేలాక మీ కోడలికి ఇలా చెప్పండి. ఈ మాంసంలో పొట్టేలు మాంసంలా కొవ్వు ఉండదు; ఉన్న కాస్త కొవ్వూ మైనంలా నోటికి అంటుకుంటుంది కనుక, దాన్నీ, కండ మీది తెల్లని పొరనూ పూర్తిగా తీసేయాలి. తొడ, భుజం ముక్కలకు పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు, కాస్త పచ్చి బొప్పాయి తురుము పట్టించి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. కొవ్వు లేని లోటు తీరేలా పల్లీ నూనె మామూలు కంటే ఎక్కువ పోసి, ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, సన్నని సెగ మీద మూత పెట్టి మెత్తబడేదాకా ఉడికించాలి. చివర ధనియాల పొడి, ఎండు కొబ్బరి, గసగసాల ముద్ద వేయాలి. పులుపు ఈ మాంసానికి బాగా నప్పుతుంది; చింతచిగురు అక్కడ దొరకకపోతే గోంగూర వేయవచ్చు. వెన్నుకు రెండు పక్కల ఉండే మెత్తని కండను మాత్రం కూరలో వేసి పాడుచేయవద్దు. మిరియాలతో పెనం మీద వేపుడు చేయాలి, ఎక్కువసేపు ఉంచితే పీచులా గట్టిపడుతుంది.

ఒట్టి తునకలు పెట్టుకోవాలనుకుంటే మన ఎండలో వేలాడదీసినట్లు అక్కడ చేయకూడదు. ముక్కలను ముందు ఓవెన్‌లో లోపలిదాకా 71 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, ఆ తర్వాతే ఆరబెట్టే యంత్రంలో పెట్టాలి.