జ్వరాల మీద డాక్టర్లకు శిక్షణ: విశాఖ హోటల్లోనా, మన వార్డులోనా?

పీహెచ్‌సీ డాక్టర్, విజయనగరం జిల్లా

డాక్టర్లు అయిదేళ్లలో 30 గంటల సీఎంఈ, అంటే చదువు అయ్యాక కూడా కొనసాగించే వైద్య శిక్షణ, పూర్తి చేయాలన్న నిబంధన మనందరికీ తెలిసిందే. ఆ గంటలు ఎక్కువగా ఎక్కడ అవుతున్నాయి? విశాఖలో ఏదో ఒక హోటల్ హాల్లో. స్పెషలిస్టు గారు స్లైడ్లు చూపిస్తారు, భోజనాలవుతాయి, సర్టిఫికెట్ చేతికొస్తుంది. అంటువ్యాధుల మీద చేసే గంటల్లో సగమైనా సొంత జిల్లాలో, జ్వరం రోగి మంచం పక్కనే జరగాలంటాను. అలా జరగకపోతే వాటిని లెక్కలో వేయకూడదు.

పొదల్లో ఉండే చిన్న నల్లి పురుగు కుడితే వచ్చే జ్వరం, స్క్రబ్ టైఫస్‌నే చూడండి. వానలు తగ్గి వరి కోతలకు దిగే రోజుల్లో ఓపీకి వారం రోజుల జ్వరంతో వస్తారు. "రెండు సూదులు ఏయించీసినాం బాబూ, తగ్గనేదు" అంటారు. చేతిలో వైడాల్ (టైఫాయిడ్ రక్త పరీక్ష) పాజిటివ్ కాగితం ఉంటుంది, ఒంట్లో సెఫ్‌ట్రయాక్సోన్ యాంటీబయాటిక్ పడి ఉంటుంది. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపల బతికేది, దాని మీద ఆ మందు పనిచేయదు. అదే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వేస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది.

పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు ఉంటుందని అందరం చదివాం. అది ఉండేది ఎక్కడ? చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, మొలతాడు కింద. నొప్పి పెట్టదు, దురద పెట్టదు, అందుకని రోగి చెప్పడు. చెమట పట్టే చోట పెచ్చు కట్టక లేత పుండులా కనిపిస్తుంది. పుస్తకంలో బొమ్మేమో ఎప్పుడూ నల్లగానే ఉంటుంది! బట్ట తొలగించి, లైటు పట్టుకుని, ఒకసారి చూసినవారి పక్కన నిలబడి చూస్తే తప్ప ఇది పట్టుబడదు.

ఫిజీషియన్, పలాస

సర్, ఒప్పుకోను. నాది ఒక్కడిని నడుపుకునే క్లినిక్. మీ వార్డు కోసం పగలు తలుపు మూస్తే నా రోగులు ఎక్కడికి పోతారు? తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే ఒక్కో మందు ఇచ్చినదానికంటే మేలని 2023లో మన దేశపు ఆస్పత్రుల నుంచే అధ్యయనం వచ్చింది. నాకది తెలిసింది రాత్రి భోజనం అయ్యాక చూసిన ఆన్‌లైన్ క్లాసులో. దాన్ని లెక్కలో వేయొద్దంటే ఎలా?

ఇంకో మాట. మాది ఉద్దానం. ఇక్కడ జ్వరం వచ్చినవారిలో కిడ్నీ సగం పాడైనవారు ఎందరో. వాళ్లకి ఊళ్లోనే డైక్లోఫెనాక్ నొప్పి సూది పడిపోతుంది, కొందరికి ఎమికాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా. రెండూ కిడ్నీని దెబ్బతీసేవే. నా దగ్గరికొచ్చేసరికి కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ అంకె ఎగబాకి ఉంటుంది. శిక్షణ ముందు ఊళ్లో వైద్యం చేసే డిగ్రీ లేని ఆర్‌ఎంపీలకు ఇవ్వండి, తర్వాత మాకు చెబుదురు గాని.

ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం

ఇద్దరూ ల్యాబ్ సంగతి వదిలేశారు. స్క్రబ్ టైఫస్‌ని పట్టే రక్త పరీక్ష ఐజీఎం ఎలైజా ఒక్క శాంపిల్‌తో పెట్టం, కొన్ని పోగయ్యాకే ప్లేటు పెడతాం. పైగా జ్వరం మొదలైన మొదటి నాలుగైదు రోజుల్లో అది నెగెటివ్ రావచ్చు. వైడాల్ అయితే వెంటనే చేసిచ్చేస్తాం, కాగితం మీద ఓ అంకె పడగానే "టైఫాయిడ్" అయిపోతుంది. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికి కూడా ఆ అంకె పెరగొచ్చని రాసే డాక్టర్లకు తెలియనిదా? బ్లడ్ కల్చర్ పంపితే మేలే, కానీ మా చేతికొచ్చే రక్తంలో అప్పటికే యాంటీబయాటిక్ ఉంటుంది. సీఎంఈకి మా ల్యాబ్ మనిషిని ఒక్కణ్ణయినా పిలిచి, ఏ పరీక్ష ఏ రోజున పంపాలో చెప్పించిన దాఖలా నేను చూడలేదు.

పీహెచ్‌సీ డాక్టర్, విజయనగరం జిల్లా

ల్యాబ్ సోదరుడి మాట నా వాదనకే బలం. రిపోర్టు ఆలస్యమవుతుంది గనకే అనుమానం రాగానే డాక్సీ మొదలుపెట్టాలి. ఆ అనుమానం రావాలంటే కన్ను తయారవ్వాలి.

పలాస సర్, ఆర్‌ఎంపీలకు చెప్పవలసింది ఉంది, కాదనను: మూడో రోజుకీ జ్వరం తగ్గకపోతే పంపించెయ్యి, నొప్పి సూది వెయ్యకు అని. అంతకుమించి వాళ్ల చేతిలో యాంటీబయాటిక్ పెట్టే శిక్షణకు నేను పూర్తిగా వ్యతిరేకం. ఆ పేరు చెప్పి మన బాధ్యత వాళ్ల మీదికి నెట్టొద్దు. వైడాల్ రాస్తున్నది ఎంబీబీఎస్‌లు, ఎండీలు కూడా.

కొత్త మందుల సంగతి ఆన్‌లైన్‌లో బాగానే తెలుస్తుంది. కానీ మైదానంలో చదివి వచ్చిన కుర్ర డాక్టర్‌ని గుమ్మలక్ష్మీపురంలో వేశాం అనుకోండి. వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ 14 రోజులని అతనికి తెలుసు. జ్వరం తగ్గాక కొండ ఊళ్లో ఎవరూ 14 రోజులు మింగరని, ఎవరితో చెప్పిస్తే మింగుతారో అక్కడ పనిచేసినవారే చెప్పాలి. గర్భిణికి ఆ మాత్ర ఇవ్వకూడదని, జీ6పీడీ లోపం (ఇది ఉన్నవారికి ఆ మాత్రతో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి) ఉందేమో ఆలోచించాలని కూడా రోగి ఎదురుగా ఉన్నప్పుడే ఒంటబడుతుంది.

స్టాఫ్ నర్సు, విజయనగరం

డాక్టర్ గారూ, ఆడవాళ్ల రవిక కింద, పావడా బొందు కింద చూసేది మేము. మగ డాక్టర్ అడిగితే "ఏటీ నేదు బాబూ" అనేస్తారు, మంచం చుట్టూ తెర లాగి నేను అడిగితే చూపిస్తారు. ఎక్కడ చూడాలో మాకెవరూ నేర్పలేదు. మీ గంటల్లో మాకు కుర్చీ ఎందుకు లేదు?

పీహెచ్‌సీ డాక్టర్, విజయనగరం జిల్లా

ఉండాలమ్మా, నేర్పేవారి వరుసలోనే ఉండాలి. జ్వరాల కాలంలో నెలకోసారి, ఓపీ అయ్యాక, మెడికల్ కాలేజీ వార్డులో రెండు కేసులు చాలు. డాక్టరు, నర్సు, ల్యాబ్ మనిషి ముగ్గురూ. దాన్ని సీఎంఈ గంటల్లో లెక్కవేయమని మెడికల్ కౌన్సిల్‌ను అడుగుదాం.

ఫిజీషియన్, పలాస

సాయంత్రం ఆరు దాటాక అయితే, శ్రీకాకుళంలో పెడితే, నేనొస్తాను. ఉద్దానం రోగి కేసొకటి తప్పకుండా పెట్టండి. ఆన్‌లైన్ గంటలు కొట్టేయమని అడిగితే మాత్రం ఆ అర్జీ మీద నా సంతకం ఉండదు.