"ఒవెర్‌మోద్"లో "ఒవెర్" పొగడ్తా, నిందా?

గౌతమీతీరం:
వైకింగులతో పోరును పాడిన పాత ఇంగ్లీషు మాల్డన్ యుద్ధకావ్యం చివర బిర్హ్ట్‌వోల్డ్ అనే ముసలి యోధుడు పలికే రెండు పాదాలు కొన్నాళ్ళుగా మనసులో తిరుగుతున్నాయి. "మన బలం సన్నగిల్లేకొద్దీ సంకల్పం గట్టిపడాలి, గుండెకు తెగువ హెచ్చాలి" అన్నంతవరకు గుర్తుంది. మూడోదిగా పెరగవలసినది "మోద్" అని తెలుసు కానీ, దానికి "ధైర్యం" అనాలో "మనసు" అనాలో తేలడం లేదు. అదే కావ్యం 89వ పాదంలో, వైకింగులకు దారి ఇచ్చిన ఇంగ్లీషు సేనాని బిర్హ్ట్‌నోథ్‌కు అంటగట్టిన "ఒవెర్‌మోద్"లోనూ ఈ మాటే ఉంది; "ఒవెర్" అంటే "మించిన" అని. ఒకచోట పెరగాలన్నది మరొకచోట పెరిగినందుకు తప్పవుతుందా?

తాళపత్రం:
ఆ పాదాలు "హిగె షాల్ థే హెయర్‌ద్ర, హెయొర్తె థే కేన్రె, మోద్ షాల్ థే మారె, థే ఊరె మాయెన్ లూత్లాథ్" అని నడుస్తాయి. "మారె" అంటే మరింత పెద్దది. "మోద్" ఒక్క ధైర్యమే కాదు; తలపు, పట్టుదల, అభిమానం, కోపం పుట్టే చోటు అంతా అదే, కనుక అక్కడ "మనసు" అనడమే మేలు. అయితే మీ ప్రశ్న బరువంతా "ఒవెర్" మీద ఉంది. 1976లో హెల్ముట్ గ్నొయిస్ అనే పండితుడు "ఒవెర్‌మోద్" అన్న మాట వాడుకలను పరిశీలించి దానికి "గర్వం" అనే అర్థమే నిలుస్తుందని తేల్చాడు. బైబిలు ఆదికాండాన్ని పద్యంగా చెప్పిన పాత ఇంగ్లీషు కావ్యంలో ఈ మాట పతనమైన దేవదూతకు తగిలింది. సాతాను పక్కన నిలబెట్టిన మాటను పొగడ్తగా చదవడం కష్టం.

ఛందోభిలాషి:
సాతాను సాక్ష్యాన్ని అంత తేలికగా ఒప్పుకోలేను. మీరు చెప్పిన ఆదికాండ భాగం పాత సాక్సన్ భాష నుంచి తెచ్చినదని జీవర్స్ అనే జర్మన్ పండితుడు 1875లో ఊహించాడు. 1894లో వాటికన్ గ్రంథాలయంలో ఆ మూలం ముక్కలు బయటపడి ఆ ఊహ నిజమైంది. కానీ దొరికిన ముక్కలకు సరిపోయే భాగం కథలో చాలా ముందుకు వెళ్ళాక, మానవుల పతనం తరువాత వస్తుంది; దేవదూతను గురించిన ఈ పాదానికి సాక్సన్ మూలం మన చేతిలో లేదు. వేరే భాష నీడ పడి ఉండగల మాటను ఎసెక్స్ యుద్ధాన్ని పాడిన కవికి కొలబద్దగా పెట్టడం న్యాయం కాదు. పైగా 89వ పాదంలో అచ్చుల అనుప్రాస ఉంది: "థా సె ఎయొర్ల్ ఒంగన్" ("అప్పుడు ఆ ప్రభువు మొదలుపెట్టాడు") అన్న మొదటి సగంలోని "ఎయొర్ల్"తో రెండో సగంలోని "ఒవెర్" కలవాలి. మన యతిలో "ఎ"కారం, "ఒ"కారం వేర్వేరు వర్గాలు కనుక ఈ కలయిక చెల్లదు, పాత ఇంగ్లీషులో మాత్రం ఏ అచ్చుకు ఏ అచ్చయినా చెల్లుతుంది. కవికి అక్కడ అచ్చుతో మొదలయ్యే బరువైన మాట కావలసివచ్చింది. అర్థం కన్నా ముందు అవసరం పనిచేసి ఉండవచ్చు.

తాళపత్రం:
అచ్చు కావలసివచ్చి గర్వాన్ని తెచ్చుకున్నాడంటే కవిని చిన్నబుచ్చినట్టు అవుతుంది. శౌర్యానికి "ఎల్లెన్" అనే చక్కని మాట వాళ్ళకు ఉంది, అదీ అచ్చుతోనే మొదలవుతుంది. మెచ్చుకోవాలనుకుంటే అది చేతికి అందేదే.

ఛందోభిలాషి:
"ఎల్లెన్" ఒక్కటే ఆ సగాన్ని నింపదు. ప్రతి సగంలో రెండు ఊనికలు ఉండాలి. "ఒవెర్"కు ఒకటి, "మోద్"కు ఒకటి వస్తాయి. "ఎల్లెన్"ను అక్కడ పెడితే ఒక్క ఊనికే మిగిలి పాదం కుంటుతుంది. సమాసం కట్టవచ్చునంటారేమో, అప్పుడు ఆ సమాసాన్ని చూపాలి.

పాతముద్రణ:
ఇద్దరూ "ఒవెర్" దగ్గరే ఆగిపోయారు. కవి తీర్పు నిజంగా తరువాతి పాదంలో ఒక చిన్న అక్షరంలో ఉందని నా నమ్మకం. "ఆలూవన్ లండెస్ తో ఫెల" అంటే "మరీ ఎక్కువ నేలను వదిలిపెట్టసాగాడు" అని. ఆ "తో" అన్నది పాత ఇంగ్లీషు కవులు గొంతు పెంచకుండా ఖండించే పద్ధతి. "కొంచెం ఎక్కువైంది" అని పైకి అంటూ "అసలే ఇవ్వకూడదు" అని లోపల చెబుతారు. 1953లో టోల్కీన్ రాసిన వ్యాసంలో నాకు బలంగా తోచినది ఇదే: చివరి ముసలివాడి మాటల కన్నా ఈ 89, 90 పాదాలే కావ్యానికి కీలకమని ఆయన చూశాడు. అనుచరుడు పరువు కోసం చావవచ్చు, అది అతని వంతు. నాయకుడి పరువుకు మాత్రం అందరి ప్రాణాలూ మూల్యం అవుతాయి.

గౌతమీతీరం:
నాయకుడి తప్పు అంత తేటగా ఉందా అని నా సందేహం. 991 ఆగస్టులో పాంటె నది దగ్గర, పోటుకు మునిగే ఇరుకు దారి అవతల వైకింగులు చిక్కుకుపోయి ఉన్నారు. దారి ఇవ్వకపోతే వాళ్ళు ఓడలెక్కి తీరం వెంట మరో ఊరిని దోచుకునేవాళ్ళు; ఒకచోట నిలిపి తేల్చుకోవడం సేనానికి ఉచితంగానే తోచి ఉంటుంది. అంతకు ముందే పన్ను అడగవచ్చిన దూతకు "పన్నుగా ఈటెలిస్తారు" అని జవాబిచ్చినవాడు, ఇసుకలో నిలబడి కాలక్షేపం చేయగలడా? ఓడిపోయాక ఆ ఏడాదే పదివేల పౌండ్లు వైకింగులకు చెల్లించవలసివచ్చిందని ఆంగ్లో-సాక్సన్ వార్షిక వృత్తాంతం చెబుతోంది. ఆ అవమానం తెలిసిన కవి, లొంగిపోయినవాళ్ళ ఎదుట ఈ మనిషి మనసు ఎంత ఎత్తుగా ఉండేదో చెప్పడానికే "ఒవెర్" అని ఉండకూడదా?

పాతముద్రణ:
ఉండకూడదు. ఆ రెండు పాదాలకు కొద్దిగా ముందే కవి శత్రువులు మాయలు పన్నడం మొదలుపెట్టారని చెప్పాడు. మాయకు లొంగినవాడి మనసును ఎత్తుగా ఉందని మెచ్చుకోడు. పైగా ఈ పాఠం మనకు దక్కడమే అదృష్టం: 1731లో ఆష్‌బర్నమ్ హౌస్ మంటల్లో మూలప్రతి కాలిపోయింది, అంతకు ముందు డేవిడ్ కాస్లీ ఎత్తి రాసుకున్న ప్రతి, 1726లో హెర్న్ వేసిన అచ్చు మాత్రమే మిగిలాయి. మొదలూ చివరా లేని 325 పాదాలలో ఇంత పొందికగా తీర్పు చెప్పిన మాట ఎత్తి రాసినవాడి పొరపాటు కాదని అనుప్రాసే సాక్ష్యం ఇస్తోంది.

ఛందోభిలాషి:
అనుప్రాస ఇచ్చే సాక్ష్యం మొదటి అచ్చు వరకే. ఇక గర్వాన్ని ఎవరికి తగిలిస్తారన్నది చూడాలంటే తిక్కనను మరిచిపోకూడదు. కీచకుడి ముందు ద్రౌపది పలికే "దుర్వారోద్యమ" పద్యంలో "గర్వాంధ" అన్న విశేషణం ప్రతివీరులకే పడింది. ఆమె భర్తలకు దక్కినది ఆ గర్వాన్ని మథించే విద్య. తనవాళ్ళ ప్రతాపాన్ని ఎంత చెప్పినా ఆ మాటను వాళ్ళ దరిచేరనివ్వకపోవడం తిక్కన చూపిన నిగ్రహం, ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు దాని మీదే గౌరవం పెరుగుతుంది. మాల్డన్ కవి మాత్రం తన ప్రభువుకే ఆ మాటను ఇచ్చాడు.

తాళపత్రం:
తిక్కన మీద గౌరవం నాకూ ఉంది, అయినా ఇక్కడ దగ్గరి సాక్షి బేవుల్ఫ్ అనే మరో పాత ఇంగ్లీషు వీరకావ్యం. 3182 పాదాల ఆ కావ్యం ముగిసేదే "లోవ్‌యోర్నోస్త్" అన్న మాటతో, "కీర్తిని అందరికన్నా ఎక్కువగా కోరినవాడు" అని. అంతకు ముందు మనుషులందరిలో మృదువైనవాడు, తన ప్రజలపై దయగలవాడు అన్నాక ఈ మాట వస్తుంది. అదే మాటను పాత ఇంగ్లీషు మతగద్యంలో ఆడంబరాన్ని నిందించడానికి వాడారు. శవాన్ని కాల్చి గుట్ట కట్టిన అనుచరులు దానిని నిందగా అన్నారని నేను అనుకోను. ఆ మతగద్యానికి అలవాటుపడి ఈ కావ్యం విన్న క్రైస్తవ సన్యాసి చెవికి ఎలా పడిందో అది వేరే సంగతి.

గౌతమీతీరం:
అలాగైతే బిర్హ్ట్‌వోల్డ్ పక్కన నిలిచిన యోధుడి చెవికి "ఒవెర్‌మోద్" ఎలా పడిందన్నది కూడా తెరిచే ఉంచాలి కదా! ముసలివాడు "మోద్ షాల్ థే మారె" అన్నప్పుడు మనసు పెరగడానికి హద్దు చెప్పలేదు. "మారె"కు, "ఒవెర్"కు మధ్య గీత ఎక్కడ పడుతుందో కవి తనంతట చూపిన ఒక్క పాదం కావ్యంలో ఎక్కడైనా ఉంటే, దయచేసి ఆ పాదం సంఖ్య ఇవ్వండి.

పాతముద్రణ:
90. ఆ "తో"యే గీత.

ఛందోభిలాషి:
అది నేలకు గీసిన గీత, మనసుకు కాదు. "తో ఫెల" పక్కన ఉన్నది "లండెస్", మోద్ కాదు.