బాపు పైసలు తీయడు, నాకేమో ఆగబుద్ధి కాదు. తప్పు ఎవరిది?

కరీమాబాద్ పోరడు:
అందరికీ నమస్తే. ఇంట్లో రోజూ ఇదే లొల్లి, బయట ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగు అవుతుంది, ఏమీ అనుకోవద్దు.

మాది వరంగల్, కరీమాబాద్. బాపు ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో పెట్టిన మిల్లు, మా తాత కూడా అందులోనే చేశాడు. 2002లో మూతపడినప్పుడు నేను ఐదో తరగతి. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కింద వచ్చిన డబ్బులోంచి లక్షా ఇరవై వేలు తెలిసినాయనకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాడు. ఎనిమిది నెలలు నెలకు 2,400 చొప్పున వచ్చింది, తొమ్మిదో నెల ఆయన ఇంటికి తాళం. అంతే. తర్వాత బాపు పదహారేళ్లు ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేశాడు.

పోయిన ఏడాది గీసుగొండ దిక్కు మా 28 గుంటల భూమి అమ్మితే 41 లక్షలు వచ్చాయి. మొత్తం ఒకే బ్యాంకులో, సేవింగ్స్ ఖాతాలో పెట్టాడు. ప్రతి సోమవారం వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ కొట్టించుకుంటాడు. ఒక్క ఎంట్రీ కూడా కొత్తగా ఉండదు, అయినా వెళ్తాడు. ఇంటికొచ్చి గడప మీద కూర్చుని ఆఖరి అంకె మీద వేలు పెట్టి చూసుకుని, మళ్లీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా వెనకాల పెడతాడు.

ఆయనకు 68 ఏళ్లు. కింది పళ్లు పోయాయి. డాక్టరు కట్టుడు పళ్లకు 18 వేలు అవుతుందంటే లేచి వచ్చేశాడు. ఇప్పుడు జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకుని తింటాడు. 41 లక్షల మనిషి!

నేను ప్రైవేట్ ఉద్యోగం, జీతం 46 వేలు. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి ఆ దిక్కు రేట్లు ఎట్లా లేస్తున్నాయో మీకు తెలుసు. 15 లక్షలు ఇవ్వు బాపూ, ప్లాటు కొని నాలుగేళ్లలో రెండింతలు చేసి ఇస్తా అంటే, "నీకు ఎంతొస్తే సాలురా?" అంటాడు. నాకు అప్పులు కూడా కొంచెం ఉన్నాయి, అది వేరే సంగతి. ఆయనది పిసినారితనమా, నాది ఆశా? మీరే చెప్పండి.

ఉత్తదే:
బాపు లెక్క గుంటలతో సహా చెప్పినవ్, వడ్డీ 2,400 అని కూడా చెప్పినవ్. నీ అప్పు మాత్రం "కొంచెం". ఎంతో చెప్పు తమ్మీ, తర్వాత మాట్లాడదాం.

మాజీ క్యాషియర్, హన్మకొండ:
31 ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను బాబూ, మీ నాన్నగారి లాంటి వాళ్లను చాలామందిని చూశాను. పాస్‌బుక్ ప్రింట్ కోసం వచ్చే ముసలాళ్లను మా కుర్ర స్టాఫ్ విసుక్కునేవాళ్లు. నేను మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. డబ్బు ఒకసారి పోగొట్టుకున్నవాడికి అది ఉందని తెలిస్తే చాలదు, ఉందని కళ్లతో చూడాలి.

మనస్తత్వం సంగతి పక్కన పెడితే ఆయన చేస్తున్నదాంట్లో అసలు తప్పు పిసినారితనం కాదు, ఆ 41 లక్షలు సేవింగ్స్‌లో పడుకోవడం. రెండున్నర శాతం వేసుకున్నా ఏడాదికి లక్ష పైచిలుకు వస్తుంది అంతే. పైగా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. ప్రభుత్వ బ్యాంకు అయితే నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు గానీ, చిన్న కోఆపరేటివ్ బ్యాంకు అయితే మాత్రం వెంటనే ఆలోచించండి.

60 దాటినవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీం ఉంది. 30 లక్షల దాకా పెట్టొచ్చు, ఇప్పుడు 8.2 శాతం, పెట్టిన రోజు ఉన్న వడ్డీయే ఐదేళ్లూ నడుస్తుంది. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. ఇంకో 9 లక్షలు నెలవారీ ఆదాయం పథకంలో పెడితే 7.4 శాతం లెక్కన నెలకు 5,550. రెండూ కలిపితే నెలకు సగటున 26 వేలు దాటుతుంది, మిగతా రెండు లక్షలు సేవింగ్స్‌లోనే ఉంచుకోమనండి, సోమవారం ప్రింట్ కొట్టించుకోవడానికి. వడ్డీకి పన్ను లెక్క ఉంటుంది, అది మరవొద్దు.

ఇంకో మాట. భూమి అమ్మినందుకు పన్ను సంగతి ఎవరైనా చూశారా? సాగుభూమి అయినా మున్సిపాలిటీ జనాభా లక్ష దాటి పది లక్షల లోపు ఉంటే, దాని హద్దు నుంచి నేరుగా కొలిస్తే 6 కిలోమీటర్ల లోపలి భూమి మీద క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకం లాభం మీద) పన్ను పడుతుంది. గీసుగొండ దిక్కు కొన్ని ఊళ్లు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లోనే కలిసిపోయాయి. నోటీసు వచ్చాక పరుగెత్తడం కంటే ఇప్పుడే ఒక ఆడిటర్‌కు చూపించండి.

ప్లాటుకు 15 లక్షలు అంటారా, నేనైతే ఇవ్వను.

జగిత్యాల అక్క:
తమ్ముడూ, మా ఆయన మస్కట్‌లో పదకొండేళ్ల నుంచి ఉన్నాడు. మొదటి నాలుగేళ్లు ఏజెంటుకు కట్టిన అప్పు తీర్చడానికే పోయింది. తర్వాత ఇల్లు. ఊళ్లో అందరూ రెండంతస్తులు కడుతున్నారని మేమూ 38 లక్షలు పెట్టి కట్టినం. పైన మూడు గదులు, అటాచ్డ్ బాత్రూములు, గోడలకు టైల్స్. ఇప్పటిదాకా అక్కడ ఒక్క మనిషి నిద్రపోలేదు. ఈ ఏడాది మక్క కంకులు ఆరబోసిన. మార్బుల్ మీద కంకులు బాగానే ఆరుతాయి, ఆ సంగతి కూడా తెలిసింది.

మా ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకో రెండేళ్లు" అంటాడు. ఐదేళ్ల నుంచి అదే రెండేళ్లు. ఇల్లు అయిపోగానే వస్తా అన్నాడు, ఇల్లు అయిపోయింది. బిడ్డ పెండ్లికి అన్నాడు, బిడ్డ ఇంకా ఏడో తరగతి. మీ బాపు అడిగిన మాట, ఎంతొస్తే సాలు అని, నేను ఆయనను అడగలేకపోతున్న. అడిగితే నీకోసమే కదా అంటాడు. అది కూడా నిజమే కదా, ఇంక ఏమంటం?

మా అత్తమ్మ బీడీలు చేసేది. వారం పైసలు రాగానే మూడు డబ్బాల్లో వేసేది: కిరాణం, పిల్లల ఫీజు, దవాఖాన. ఫీజు డబ్బాలోంచి కిరాణానికి తీయాల్సి వస్తే పక్కింటి దగ్గర చేబదులు తెచ్చేది గానీ అది ముట్టేది కాదు. అందరూ నవ్వేవాళ్లు. నాకు ఇప్పుడు అర్థమైతుంది. మీ బాపు దగ్గర 41 లక్షలు ఒకటే డబ్బాలో ఉన్నాయి, దానికి పేరు లేదు. పేరు లేని పైసలు తీస్తే మొత్తం కరిగిపోతుందని భయం. పళ్లకు అని ఒక డబ్బా పెట్టించి చూడండి.

ఎనుమాముల అడ్తి:
మా నాన్న కాలం నుంచి ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి (కమిషన్ వ్యాపారం) మాది. ప్లాటు సంగతి మీద ఒక మాట చెప్తా, మార్కెట్ తెలిసినోళ్లకు వెంటనే తడుతుంది.

సీజన్‌లో పొద్దున్నే యార్డులో జెండా పాట పెడతారు. అన్నిట్లో బాగా ఎండిన, రంగున్న లాటు ఒకటి చూసి దానికి పాట. ఆ రేటే ఫోన్లలో తిరుగుతుంది, ఊళ్లలో చాయ్ కొట్ల దగ్గర అదే ముచ్చట. నలభై బస్తాలు తెచ్చిన రైతు జెండా పాట రేటుతో గుణించుకుని బండి మీద వచ్చేటప్పుడే అప్పులన్నీ తీర్చేసి బిడ్డకు గొలుసు కూడా చేయిస్తాడు. మధ్యాహ్నానికి ఆయన లాటు దగ్గరికి ఖరీదుదారు వచ్చి బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి విరిచి చూస్తాడు. తేమ ఉంది అంటాడు, తాలు ఉంది అంటాడు. సాయంత్రం తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికొచ్చేసరికి రేటు వేరే, కాంటా తూకం వేరే, హమాలీ, కటింగులు పోగా చేతికొచ్చేది ఇంకా వేరే. అందులోంచి మా దగ్గర వాడుకున్న అప్పు కూడా మేమే పట్టుకుంటాం, అబద్ధం ఎందుకు.

నేను ఇన్నేళ్లలో చూసింది, నష్టం వచ్చిన రైతు కంటే జెండా పాట లెక్కేసుకుని వచ్చిన రైతే ఎక్కువ ఏడుస్తాడు. ఒక్కోసారి ఆయనకు మంచి రేటే పడుతుంది, అయినా ఏడుస్తాడు.

మామునూరు దిక్కు గజం ఇంత పలుకుతుంది అని నువ్వు వింటున్నావు చూడు, అది జెండా పాట. నీ ప్లాటు నువ్వు అమ్మిన రోజు వచ్చేదే నీ తక్‌పట్టీ. ఇప్పటికే ప్లాట్లు ఉన్నాయా నీకు? ఉంటే ఈ నెలలో ఒకటి అమ్మకానికి పెట్టి చూడు, నిజంగా కొనేవాడు ఎంత చెప్తాడో. అమ్మమని కాదు, అడిగి చూడమంటున్నా. చాలామందికి కోటి రూపాయల ఆస్తి ఉంటుంది, కరెంటు బిల్లుకు ఫోన్‌పేలో పైసలు ఉండవు. నేనూ అందులో ఉన్నా కాబట్టే చెప్తున్నా.

కరీమాబాద్ పోరడు:
వారం నుంచి ఇక్కడికి రాలేదు. "ఉత్తదే" అన్న రాసింది చదివి మొదట కోపమొచ్చింది, తర్వాత నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. పెండ్లయిన ఈ ఐదేళ్లలో ఒక్కసారి కూడా రాయలేదు. రాస్తే ఇట్లా ఉంది.

పది లక్షల చిట్టీ, నెలకు 20 వేలది, నాలుగో నెలలోనే 7 లక్షలకు పాట పాడి ఎత్తాను. డివిడెండ్ పోను ఇప్పుడు నెలకు 16 వేలు కడుతున్నా. పర్సనల్ లోన్ ఐదు లక్షలు, 14 శాతం, ఐదేళ్లు, ఈఎంఐ 11,634. అంటే జీతంలో 18 వేలు మిగులుతుంది. చిట్టీ, లోన్ డబ్బుతో కొన్నవి నర్సంపేట రోడ్డులో రెండు ప్లాట్లు, ఒక్కోటి 150 గజాలు. ఇంటి ఖర్చు సగం బాపు పెడుతున్నాడని నేను ఇప్పటిదాకా లెక్కలోకే తీసుకోలేదు. కూరగాయలు, పాలు, సిలిండరు, మా బాబు డైపర్లు. ఎక్కడా చెప్పడు, చిన్న నోట్లు తీసి ఇస్తుంటాడు.

అడ్తి అన్న చెప్పినట్టు ఒక ప్లాటు అమ్ముతా అని ఇద్దరు బ్రోకర్లకు చెప్పాను. కొనమన్నప్పుడు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసినవాళ్లే, ఇప్పుడు "చూద్దాం అన్నా, మార్కెట్ కొంచెం స్లో" అంటున్నారు. ఒకాయన చెప్పిన రేటు నేను కొన్నదానికంటే తక్కువ.

ఆ నోట్‌బుక్ బాపుకు చూపించాను. చాలాసేపు చూశాడు, తిడతాడనుకున్నా. "రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినప్పుడు నేనూ గిట్లనే లెక్కేసిన" అన్నాడు, ఇంకేమీ అనలేదు.

నిన్న ఇద్దరం పోస్టాఫీసుకు పోయాం. మధ్యలో తీసుకుంటే ఏమైతది అని కౌంటర్లో అమ్మాయిని మూడుసార్లు అడిగాడు. ఏడాది లోపయితే వడ్డీ రాదు, రెండేళ్ల లోపయితే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాత ఒక శాతం కోస్తారని ఆమె మూడుసార్లూ ఓపిగ్గా చెప్పింది. 30 లక్షలు అనుకుని పోయాం, అక్కడికి పోయాక 15 లక్షలే అన్నాడు. సరే అన్నాను. మిగతాది ప్రభుత్వ బ్యాంకే కాబట్టి ప్రస్తుతానికి అక్కడే. ఆడిటర్ దగ్గరికి వచ్చే వారం.

పళ్ల డబ్బా సంగతి కూడా చెప్పాను అక్కా. "వడ్డీ అక్టోబరు ఒకటిన పడుతదట గదా, అది రానీ, దాంతో కట్టించుకుంట. అసలు ముట్ట" అన్నాడు.

ఉత్తదే:
ఇప్పుడు బాగుంది. ఆ నర్సంపేట రోడ్డు వెంచరు 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవ్డా, ఉత్త పంచాయతీ లేఅవుటా? ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ) ఫీజు కట్టినవా?

కరీమాబాద్ పోరడు:
పంచాయతీదే అన్నా. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టారని అమ్మినాయన చెప్పాడు, ఆ రసీదు ఇంకా నా చేతికి రాలేదు.

ఉత్తదే:
రేపే పోయి అడుగు. ఫోన్ చెయ్యకు, పో.

జగిత్యాల అక్క:
అక్టోబరు దాకా బాపును రొట్టె నానబెట్టుకోనీయకు తమ్ముడూ. గటక చేసి మజ్జిగ పోసి పెట్టండి, పళ్లతో పని లేదు.